తలకు దెబ్బ తగిలిన బిడ్డ – పేటవారి దాసోహము

ఆషాఢమాసములో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణము జరుగు మంగళవారము నాడు ఆ పేట వీధులన్నియు జనముతో నిండిపోవును. నేలమట్టమునకు దిగువన, బావిలో కొలువైయున్న అమ్మవారిని చూచుటకు తెల్లవారకమునుపే వరుసలు కట్టుదురు. ఒక్క దినమున వేలకొలది మంది కూడుట ఈ పేటకు క్రొత్త గాదు. ఒక యింటికి ఆపద వచ్చినప్పుడును ఇట్లే కూడుదురు. ఆసుపత్రి వాకిట పదిమంది గాదు, ఏబదిమంది నిలుతురు. ఇది మంచి గుణమే. కాని తలకు పెద్ద దెబ్బ తగిలిన బిడ్డ విషయములో ఈ గుణము చాలదు. ఒక్కొక్కప్పుడు అడ్డము కూడ వచ్చును. ఆ గాయమునుండి తేరుకొనుటకు పట్టు కాలము వారములు గాదు, నెలలును సంవత్సరములును. మొదటి పది దినములు వచ్చిన జనము నాలుగవ నెలలో కనబడరు. బిడ్డకు మనుష్యులు నిజముగా కావలసినది ఆ నాలుగవ నెలలోనే. ఈ పాఠమున విచారింపవలసినది ఇదియే.

పాఠకులు ఒక బాలుని ఊహించుకొందురు గాక. పదునారేండ్లవాడు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము చదువుచున్నాడు. తండ్రికి బల్కంపేటలో చిన్న కిరాణా దుకాణము. ఈ బాలుడు కల్పితుడు. కాని వానికి జరుగబోవునదంతయు తలగాయముల వార్డులలో నిత్యము కనబడునదే. ఒక సాయంకాలము వాడు మేనమామ మోటారు సైకిలు తీసికొని, హెల్మెటు లేకుండ బయలుదేరి, అమీర్‌పేట దారిలో ఆటో తగిలి, డివైడరు అంచుపై పడెను. 50 సీసీకి మించిన బండిని పదునెనిమిదేండ్లు నిండనివారు నడపరాదని చట్టము చెప్పుచున్నది. 2019లో జరిగిన సవరణ ప్రకారము, మైనరు బండి నడపి నేరము చేసినచో సంరక్షకునకు లేదా బండి యజమానికి మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా పడును. అయితే ఈ మాట మేనమామకు ఆసుపత్రి వరండాలో చెప్పవలసినది కాదు. బండి తాళము పిల్లవాని చేతికిచ్చునాడు చెప్పవలసినది.

పడినవాని చుట్టు క్షణములో జనము చేరుదురు. ఒకరు లేపి కూర్చుండబెట్టుదురు, మరొకరు ముఖముపై నీళ్లు చల్లుదురు, ఇంకొకరు నోట నీళ్లు పోయుదురు. మూడును తప్పే. తలకు దెబ్బ తగిలినవానికి మెడయెముక కూడ దెబ్బతినియుండవచ్చును. మెడ వంచి లేపినచో కాలుసేతులు శాశ్వతముగా పడిపోవచ్చును. స్పృహ లేనివాని నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. ఊపిరి ఆడుచున్నదా అని చూచి, వాంతి వచ్చునట్లున్నచో మెడ మెలిపడకుండ శరీరమునంతను ఒక్కటిగా ప్రక్కకు త్రిప్పి, 108కి ఫోను చేయవలెను. ఆ సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ఆరంభమైనది. పోలీసు కేసులో చిక్కుకొందుమను భయము ఇప్పుడు అక్కరలేదు. సహాయము చేసినవారిని వేధింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2016లో ఆదేశించినది. 2019 సవరణలో అది చట్టమే అయినది.

వాడు పడిన కొద్దిసేపటికి కన్నులు తెరచి "ఏమీ కాలేదు, ఇంటికి పోదును" అనెననుకొనుడు. ఇక్కడనే అనేక కుటుంబములు మోసపోవును. మెదడు సుమారు 1,400 గ్రాముల మెత్తని పదార్థము. గట్టి పుర్రెలో బంధింపబడియున్నది. వేలు వాచినచో బయటికి ఉబ్బును గాని, మెదడు వాచినను, పుర్రె లోపల రక్తము గడ్డకట్టినను ఉబ్బుటకు చోటు లేదు. పుర్రెకు, మెదడుపై పొరకు నడుమ రక్తము మెల్లగా చేరుచున్నప్పుడు మనిషి లేచి నడచును, మాటాడును. కొన్ని గంటల పిమ్మట మగత కమ్మి పడిపోవును. మాటిమాటికి వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, ఒక కంటి పాప పెద్దదగుట, మాట తడబడుట, లేపినను లేవని నిద్ర – వీటిలో ఒక్కటి కనబడినను "పడుకోనీ, తెల్లవారి చూతము" అనరాదు.

బల్కంపేటకు దగ్గరలోనే, పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఉన్నది. ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 చట్టముతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఈ నిమ్స్‌ను ఎరుగనివారు తెలుగునాట అరుదు. తాతల కాలమున ఈ భాగ్యము లేదు. దేశములో నాడీశస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగము వెల్లూరులో 1949లో మొదలైనది. ఆంధ్రదేశమున విశాఖపట్టణములో 1956లో ఏర్పడినది. పుర్రె తెరవకుండ లోపలి గడ్డను చూపు సీటీ స్కానింగు 1971లో లండనులో తొలిసారి రోగికి చేయబడినది. అంతకుముందు వైద్యుడు చీకటిలో తడుముకొన్నట్లే పని చేసెను. ఖర్చు విషయమై ఒక మాట. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచిరి. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు దినములు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్సనిచ్చు కేంద్ర పథకము 2025లో వచ్చినది. కుటుంబము దిక్కుతోచక యున్నప్పుడు ఆధారు కార్డు, రేషను కార్డు పట్టుకొని ఈ పని చూడగల ఒక్క పొరుగువాడు, వరండాలో నిలిచి ఏడ్చు పదిమంది కంటె మేలు.

లోపల వైద్యులు "ఆరు", "ఏడు" అని అంకెలు చెప్పుకొనుట వినబడును. అది 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ ఏర్పరచిన కొలమానము. కన్ను తెరచుటకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15 మార్కులు. ఎంత తక్కువైనను 3కు దిగదు. 8 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో తీవ్రమైన గాయము. ఈ అంకె దినదినము మారుచుండును గనుక ఒకనాటి అంకెను పట్టుకొని జాతకము చెప్పరాదు. వరండాలో ఎవరో "బ్రెయిన్ డెడ్ అట" అని పుకారు పుట్టింతురు. కోమా వేరు, మెదడు మరణము వేరు. అవయవ మార్పిడికి సంబంధించిన 1994 చట్టము క్రింద నియమిత వైద్యబృందము కనీసము ఆరు గంటల ఎడముతో రెండుమార్లు పరీక్షించి గాని మెదడు మరణమును నిర్ధారింపదు. తల్లి చెవిలో పడు మాటను అంత తేలికగా పలుకరాదు.

వాపు తగ్గుటకు చోటు కల్పింపనెంచి శస్త్రవైద్యుడు పుర్రెయెముకలో ఒక భాగమును తీసి, పొట్ట చర్మము క్రింద గాని శీతలపేటికలో గాని భద్రపరచును. కొన్ని వారములకో నెలలకో దానిని తిరిగి అమర్చును. అంతవరకు తలపై ఆ చోట మెత్తగా, గుంటగా ఉండును. చూచినవారు "అయ్యో, తల సగము లేదు" అని బిడ్డ యెదుటనే అనుచుందురు. ఇక భక్తుల విషయము. ఐసీయూలోనికి రహస్యముగా తీర్థము తెచ్చి నోట వేయువారున్నారు. మ్రింగుట సరిగా లేని వానికి అరచెంచాడు నీరైనను ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా తెచ్చును. పాదోదకమైనను, ప్రసాదమైనను వైద్యుడు మ్రింగుటను పరీక్షించి అనుమతించువరకు నోటికి చేర్పరాదు. విభూతిని చేతికి పెట్టవచ్చును, కుట్ల దాపున పెట్టరాదు. ప్రాణలింగమును గౌరవించుట యనగా ప్రాణమును గౌరవించుటయు గదా! ఈ దినములలో కుటుంబమునకు కావలసినది కొద్దియే. రక్తమిచ్చువారు, రాత్రి మేలుకొని యుండు ఒకరు, ఇంటివద్ద చెల్లెలికి అన్నము పెట్టువారు, దుకాణము తెరచువారు. అందరికిని సమాచారము చెప్పుటకు బంధువులలో ఒకనిని ఏర్పరచినచో తల్లిదండ్రులు రోజుకు నలుబదిమార్లు ఒకే కథ చెప్పవలసిన బాధ తప్పును.

చలనచిత్రములలో కోమానుండి లేచినవాడు కన్ను తెరచి "అమ్మా" అని నవ్వును. నిజములో అట్లు జరుగుట చాల అరుదు. మొదట కన్ను తెరచును గాని చూపు నిలువదు. తరువాత చేయి నొక్కుమన్నచో నొక్కును. గొంతునకు రంధ్రము చేసి గొట్టము వేసియున్నచో మాట రాదు. మాట వచ్చిన పిదప మరియొక దశ వచ్చును. కుటుంబము మిక్కిలి బెదరునది ఇక్కడనే. వాడు తాను ఎక్కడనున్నది ఎరుగడు, దినమును ఎరుగడు, ఉదయము వచ్చిన తండ్రిని మధ్యాహ్నము "ఎప్పుడు వచ్చితివి?" అని అడుగును. గొట్టములు పీకికొనును, కొట్టును. ఎన్నడు నోట రాని బూతులు తల్లినే తిట్టును. "గాలి సోకినది, దిగదుడువుడు" అను సలహాలు అప్పుడే వచ్చును. ఇది గాలియు గాదు, దయ్యమును గాదు. మెదడు మేలుకొనుచున్నది, జ్ఞాపకము వ్రాసికొను భాగము మాత్రము ఇంకను పనిలోనికి రాలేదు. ఈ మతిమరపు దశ ఒక దినమును మించినచో గాయము తీవ్రమైనదని వైద్యులు లెక్కింతురు. అప్పుడు గదిలో వెలుతురు తగ్గించి, ఒకరిద్దరే యుండి, "నీవు ఆసుపత్రిలో ఉన్నావు, బండిమీదినుండి పడితివి, అమ్మ ఇక్కడనే ఉన్నది" అని ప్రతిసారి అవే మాటలు మెల్లగా చెప్పవలెను. వాదింపరాదు. "నన్ను గుర్తుపట్టు, నేనెవరు?" అని పరీక్షలు పెట్టరాదు. చూడవచ్చిన ప్రతి పెద్దమనిషియు ఈ ప్రశ్న అడుగకుండ పోడు.

ప్రపంచమెల్ల ఎరిగిన ఒక బాలిక చరిత్ర ఇక్కడ తలచుకొనదగినది. మలాలా యూసఫ్‌జాయ్ 2012 అక్టోబరు 9న పాకిస్తానులోని స్వాత్ లోయలో పాఠశాల బస్సులో కాల్చబడినది. అప్పటికి ఆమెకు పదునైదేండ్లు. గుండు మెదడులో దూరక చర్మము క్రిందుగా పోయెను గాని, ఆ తాకిడికి మెదడు వాచెను. పెషావరులో పుర్రెయెముకలో కొంత తీసి ప్రాణము నిలిపిరి. అక్టోబరు 15న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చేర్చిరి. తల్లిదండ్రులు వచ్చుటకు మరి పది దినములు పట్టెను. అంతవరకు మాట రాని ఆ బాలిక వ్రాసి ప్రశ్నలడిగినది. నవంబరులో ముఖనాడికి శస్త్రచికిత్స, 2013 ఫిబ్రవరి మొదటివారమున తలకు టైటానియము రేకు, వినికిడి పోయిన చెవికి యంత్రము. మార్చిలో ఆమె పాఠశాలకు పోయెను. ఆమె 2014లో నోబెల్ శాంతి బహుమతి పొందుటయే అందరును చెప్పుకొందురు. బల్కంపేట కుటుంబము నేర్వవలసినది వేరు. కాల్పుల నాటినుండి బడి మెట్టెక్కు నాటి వరకు అయిదు నెలలకు పైగా పట్టెను. అదియు ప్రపంచములోని మేలైన వైద్యముతో. ముఖమున చిరునవ్వు తిరిగి కుదురుటకు ఇంకను నెలలు పట్టెను. ఆమెకు వేలకొలది ఉత్తరములు వచ్చెను. అవి ధైర్యమిచ్చియుండును గాని, ప్రతిదినము ఆమెను నడిపించి, వ్యాయామము చేయించినవారు కొద్దిమందియే. ఆమెతో మరియొక బిడ్డను పోల్చి "మలాలా లేవలేదా, నీవెందుకు లేవవు?" అనుట మాత్రము క్రూరత్వము. ఏ రెండు తలగాయములును ఒక్కటి గావు.

కల్పిత బాలుడు రెండవ నెలాఖరున ఇంటికి వచ్చెననుకొనుడు. వీధిలో హారతి పట్టిరి, మిఠాయి పంచిరి. నడచుచున్నాడు, జుట్టు పెరిగి మచ్చ కప్పుకొనినది. పేటవారి దృష్టిలో కథ ముగిసినది. అసలు కథ ఇప్పుడే మొదలు. కాలు విరిగినవానికి కట్టు కనబడును. వానిని పరుగెత్తుమని ఎవరును అనరు. ఈ బాలుని గాయము కంటికి కనబడదు. అరగంట చదివినంతనే కాలువ త్రవ్వినవానివలె అలసిపోవును. నిన్నటి పెండ్లి విందు జ్ఞాపకముండదు, అయిదేండ్ల క్రిందటి క్రికెట్ స్కోరు జ్ఞాపకముండును. దానిచేత జనులు "నటించుచున్నాడు" అందురు. నలుగురు ఒక్కసారి మాటాడినచో ఏ మాటయు అందదు. చిన్నమాటకు కోపము ఎగసి, మరునిముసమే కన్నీరగును. నుదుటి వెనుక గల మెదడు భాగము ఆలోచనకు, ఓర్పునకు, పనిని వరుసలో పెట్టుటకు నిలయము. అది ఆరోగ్యవంతులలోనే ఇరువది దాటినగాని పూర్తిగా పండదు. పండుచున్న వేళ దెబ్బ తిన్నది. ఇది తెలియని పేట వానికి పొగరుబోతు, సోమరి అని పేర్లు పెట్టును. స్నేహితులు మొదట గుంపుగా వచ్చి, పిదప ఒక్కొక్కరే తగ్గి, ఆరవ నెలకు మానివేయుదురు. గాయము చేయని చెరుపు ఈ ఒంటరితనము చేయును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు బోధించిన దాసోహమునకు ఇక్కడ పని యున్నది. దాసోహమనగా ఒకనాడు ఆవేశముతో ఇచ్చి వెడలిపోవుట గాదు. నేను దాసుడనను భావముతో కాయకఫలమును నిత్యము పంచుట. నిత్యము అను మాటయే ముఖ్యము. ఏబదిమంది ఒక్కదినము రాక, పదిమంది వంతులు పెట్టుకొని సంవత్సరము పొడవున రావలెను. సోమవారము ఆటో ఉన్నవాడు ఫిజియోథెరపీకి తీసికొనిపోవును. మంగళవారము, గురువారము పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు అరగంట, అంతకు మించక, చదివి వినిపించును. ఒక గృహిణి రెండు గంటలు కూర్చున్నచో తల్లి కన్ను మూయగలదు. ఆ తల్లి నెలల తరబడి నిద్ర లేక, దుకాణము నడపలేక, ఆడపిల్ల చదువు చూడలేక నలిగిపోవుచున్నదని అడుగువారెందరు? తోటి విద్యార్థులలో ఇద్దరు వచ్చి అష్టాచెమ్మా, పులిజూదము ఆడవలెను. గవ్వలు లెక్కించుట, తన వంతుకు వేచియుండుట, ముందు ఎత్తు ఆలోచించుట – దెబ్బతిన్న బుద్ధికి ఇంతకంటె చౌకయైన వ్యాయామము లేదు. వాడు మాటకొరకు వెదకుచున్నప్పుడు తొందరపడి అందింపక, పది లెక్కించునంతసేపు ఊరకుండుట కూడ దాసోహమే. అది ధనము పెట్టుటకంటె కష్టము.

పుచ్చుకొనుచునే యుండుట ఎవనికైనను బరువు. ఆ బాలునికిని కాయకము కావలెను. తండ్రి దుకాణములో పప్పు తూచి పొట్లము కట్టుట, చీటీలోని అయిదు వస్తువులు వరుసగా తీసిపెట్టుట, సాయంకాలము చిల్లర లెక్కించుట వంటి పనులను మొదట ఇరువది నిముసములు ఇయ్యవలెను. తప్పు లెక్క వచ్చినచో దిద్దవలెనే గాని చేతిలోనిది లాగికొనరాదు. గోడకు ఒక పలక తగిలించి ఆ దినపు పనులు వ్రాయవలెను. జేబులో చిన్న పుస్తకము, ఫోనులో గంట. "బుర్రతో గుర్తుంచుకో" అనుట, విరిగిన కాలితో నడువుమనుటయే. చిన్నవాడు చేసిన పనికి కొనుగోలుదారుడు ధన్యవాదము చెప్పినచో చాలును, చప్పట్లు అక్కరలేదు.

తలగాయము తరువాత మూర్ఛ రావచ్చును, నెలల తరువాతనైనను. వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపించుట, పండ్ల నడుమ చెంచా దూర్చుట వలన మేలు లేదు, చెంచా వలన కీడు కలదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, తలక్రింద మెత్తని బట్ట ఉంచి, గడియారము చూడవలెను. అయిదు నిముసములు దాటినచో వెంటనే 108కి ఫోను చేయవలెను. "ఆరు నెలలు రాలేదు గదా" అని మందు తమంతట మానరాదు. రెండవ దెబ్బ తగులకుండుట ప్రధానము. గట్టి బంతితో క్రికెట్టు, చెట్లెక్కుట, ఒంటరిగా ఈత, బండి – ఇవన్నియు వైద్యుడు ఒప్పుకొనువరకు వద్దు.

కాలేజికి పంపుటలో తొందర వలదు. మొదట రెండు గంటలు, పిదప సగము దినము. అమీర్‌పేటలో ట్యూషను కేంద్రములకు కొదువలేదు గనుక "పోయిన పాఠములు ఒక్క వేసవిలో చెప్పించెదము" అను ఆశ పుట్టును; అలసిన మెదడుకు అది శిక్ష. ఒక సంవత్సరము ఆలస్యమైనచో ఆకాశము విరిగిపడదు. చేయి వణకు విద్యార్థికి పరీక్షలో వ్రాయుటకు సహాయకునిని అడుగవచ్చును. నలుబది శాతము వైకల్య ధ్రువపత్రము లేదన్న ఒక్క కారణముతో దానిని నిరాకరింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2021 ఫిబ్రవరిలో ఒక తీర్పులో చెప్పినది. ఈ సంగతి ఎరిగిన ప్రిన్సిపాళ్లు తక్కువ. పేటలోని న్యాయవాదియో, ఉపాధ్యాయుడో తండ్రికి తోడుగా పోయి దరఖాస్తు వ్రాసి ఇచ్చినచో పని జరుగును.

అందరును పూర్తిగా తేరుకొనరు. మొదటి ఆరు నెలలలో మెరుగు వేగముగా ఉండును, రెండేండ్ల వరకును, కొందరిలో అటుపిమ్మటను, మెల్లగా సాగును. కొందరు తిరిగి చదువుదురు, కొందరు వేరొక పనిలో కుదురుదురు, కొందరికి ఎల్లప్పుడు ఒక తోడు కావలెను. పూర్వపు బాలుడే తిరిగి వచ్చునని ఎదురుచూచు తల్లి, యెదుటనున్న బాలునికి దూరమగును. పొరుగువారు "మునుపు ఎంత చురుకుగా ఉండెడివాడు!" అని నిట్టూర్చినప్పుడెల్ల ఆ దూరము పెరుగును. వానికి చెవులున్నవి, వినుచున్నాడు.

సంవత్సరము తిరిగి మరల ఆషాఢము వచ్చును. కల్యాణమునకు ముందుగానే వీధిలో డప్పులు, మైకులు మొదలగును. తలగాయము తగిలినవారిలో అనేకులకు పెద్ద ధ్వని, మెరయు దీపములు భరింపరానివి; తలనొప్పి కలిగి, నిద్ర చెడి, కోపము వచ్చును. పేటవారు మైకును ఆ యింటి వైపునకు కాక మరియొక వైపునకు త్రిప్పి కట్టవలెను. ఆ రెండుమూడు దినములు వానిని సందడికి దూరముగా నున్న బంధువుల యింట నుంచవలెను. మందుల చీటీ మరువకుండ వెంట తీసికొనిపోవు బాధ్యత, ఆ వారపు వంతు ఎవరిదో వారిది.